మలయా తోటలు నేర్పిన ఆరోగ్య పాఠాలు

మన తెలుగువారు మలయా దేశానికి వచ్చి నూరేళ్ళు ఏనాడో దాటింది. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుండి ఓడలెక్కి వచ్చిన మన పూర్వీకుల గురించి ఇటువంటి ఉత్సవ సంచికలలో ఎన్నో వ్యాసాలు వెలువడ్డాయి. వారు నరికిన అడవులు, నాటిన రబ్బరు మొక్కలు, కట్టుకున్న రామమందిరాలు, పిల్లలకు నాలుగు తెలుగు అక్షరాలు నేర్పించడానికి పడిన పాట్లు మనకు తెలిసినవే. అయితే వారి బ్రతుకును ఎంతగానో శాసించిన ఒక విషయాన్ని మాత్రం మనం అంతగా తలచుకోము. అది రోగం. మన ఇళ్ళలో పాత సంగతులు చెప్పే పెద్దలు "ఫలానా తాత జ్వరంతో పోయాడు" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటారు. అది ఏ జ్వరం? ఎందుకు వచ్చింది? అదే ఏడాది పక్క తోటలో ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నలు ఇంట్లో ఎవరూ వేయలేదు. తలరాత అనుకున్నారు.

ఆ ప్రశ్నలు వేసినవారు కొందరు ఈ దేశంలో ఉన్నారు. రోగం ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎక్కడ, ఎప్పుడు అని లెక్కపెట్టి, ఆ లెక్కలో నుండి కారణాన్ని, నివారణను వెదికే శాస్త్రాన్ని ఎపిడెమియాలజీ అంటారు. ఈ శాస్త్రంలోని కొన్ని ముఖ్యమైన పాఠాలను ప్రపంచం మన మలయాలోనే నేర్చుకున్నది. ఆ లెక్కలలో మన తాతలు, అమ్మమ్మలు కూడా ఉన్నారు. పేర్లతో కాదు, అంకెలతో ఉన్నారు. వారి అంకెలు ఏమి చెప్పాయో వారి మనుమలమైన మనం తెలుసుకోవడం మన బాధ్యత అని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

బియ్యంలో దాగిన కారణం

పందొమ్మిదవ శతాబ్దం చివర మలయాలో బెరిబెరి అనే రోగం విపరీతంగా ఉండేది. మొదట కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. తరువాత వాస్తాయి. మనిషి నడవలేడు. చివరకు గుండె దెబ్బతిని చనిపోతాడు. తగరపు గనులలో పనిచేసే చీనా కూలీలు వేల సంఖ్యలో ఈ రోగం వాత పడ్డారు. కొందరు డాక్టర్లు ఇది అంటురోగం అన్నారు. కొందరు నేలలోని తేమ వల్ల వస్తుందన్నారు.

నెగెరి సెంబిలాన్‌లో ప్రభుత్వ వైద్యుడుగా ఉన్న బ్రాడన్ ఒక విషయం గమనించాడు. చీనావారు, మలయావారు, భారతీయులు ఒకే దేశంలో, ఒకే గాలిలో, ఒకే ఎండవానల్లో బ్రతుకుతున్నారు. అయినా బెరిబెరి ఎక్కువగా చీనావారికే వస్తున్నది. మలయా పల్లెవాసులకు అరుదు. తోటలలోని భారతీయ కూలీలకు కూడా అరుదు. మరి తేడా ఎక్కడ ఉన్నది? తేడా బియ్యంలో ఉన్నది. చీనా కూలీలు తినేది సయాం నుండి వచ్చే బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం. మలయావారు తమ పొలంలో పండిన ధాన్యాన్ని ఎప్పటికప్పుడు ఇంట్లో దంచుకొని తినేవారు. భారతీయులు తినేది ఉప్పుడు బియ్యం.

ఉప్పుడు బియ్యం ఎట్లా చేస్తారో మన పెద్దలకు తెలుసు. వడ్లను నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఎండబెట్టి, ఆ తరువాత దంచుతారు. అట్లా ఉడికించినప్పుడు తవుడులో ఉన్న సారం గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత ఎంత దంచినా కొంత మిగులుతుంది. పచ్చి వడ్లను మరలో ఆడించి తెల్లగా చేస్తే ఆ సారమంతా తవుడుతో పాటు పోతుంది. మనవారు ఇదంతా తెలిసి తినలేదు. అలవాటు చొప్పున తిన్నారు. ఆ అలవాటే వారిని కాపాడింది.

బ్రాడన్ 1907లో ఈ సంగతులన్నీ పుస్తకంగా ప్రకటించాడు. నిలవ ఉన్న తెల్లబియ్యంలో ఏదో విషం పుడుతుందని ఆయన అనుకున్నాడు. విషం సంగతి నిజం కాదు. అయినా ఆయన చెప్పిన నివారణ సరిపోయింది. ఇక్కడ ఒక గొప్ప పాఠం ఉన్నది. కారణం పూర్తిగా తెలియకపోయినా, లెక్క సరిగా ఉంటే రోగాన్ని ఆపవచ్చు. 1854లో లండన్ నగరంలో డాక్టర్ జాన్ స్నో కూడా కలరా క్రిమిని చూపించి ఎవరినీ ఒప్పించలేదు. ఏ ఇళ్ళలో మరణాలు జరిగాయో లెక్కపెట్టి, ఆ ఇళ్ళవారు నీళ్ళు తెచ్చుకొనే పంపు ఏదో తెలుసుకొని, దాని పిడిని తీయించాడు.

అయితే చూసి ఊహించడం ఒకటి, పరీక్షించి తేల్చడం మరొకటి. కౌలాలంపూర్ పిచ్చాసుపత్రిలో 1905లో బెరిబెరి ప్రబలి చాలా మంది చనిపోయారు. అక్కడి డాక్టర్ ఫ్లెచర్ ఆ డిసెంబరులో రోగులందరినీ భోజనశాలలో వరుసగా నిలబెట్టి అంకెలు చెప్పించాడు. బేసి అంకెల వారిని ఒక వార్డులో, సరి అంకెల వారిని ఎదురుగా ఉన్న వార్డులో ఉంచాడు. రెండు వార్డులూ ఒకేలా ఉండేవి. కూర, పప్పు అన్నీ ఒక్కటే. ఒక వార్డుకు సయాం తెల్లబియ్యం, రెండో వార్డుకు ఇండియా ఉప్పుడు బియ్యం ఇచ్చారు. వార్డులోనే ఏదైనా దోషం ఉన్నదేమో చూద్దామని మధ్యలో ఇటువారిని అటు, అటువారిని ఇటు మార్చారు కూడా. ఏడాది తరువాత చూస్తే తెల్లబియ్యం తిన్నవారిలో సుమారు మూడో వంతు మందికి బెరిబెరి వచ్చింది. వారిలో 18 మంది చనిపోయారు. ఉప్పుడు బియ్యం తిన్నవారిలో బెరిబెరితో ఒక్కరూ చనిపోలేదు.

ఆ తరువాత కౌలాలంపూర్‌లోని వైద్య పరిశోధన సంస్థకు చెందిన ఫ్రేజర్, స్టాంటన్ అనే ఇద్దరు డాక్టర్లు నెగెరి సెంబిలాన్ అడవిలో రోడ్డు వేస్తున్న జావా కూలీలపై ఇటువంటి పరీక్షే జరిపారు. 1909లో ప్రకటించిన వారి ఫలితం కూడా అదే చెప్పింది. తవుడులో ఉన్న ఆ సారానికి ఈనాడు థయామిన్ అని పేరు. అది ఒక విటమిన్.

సరితో సరిని పోల్చాలి అన్నది ఈ శాస్త్రంలో మూలసూత్రం. ఫ్లెచర్ పరీక్షను ఈనాటికీ పాఠంగా చెప్పుకుంటారు. కాని ఆ వార్డులో చనిపోయిన 18 మందిని ఎవరూ "మీకు సమ్మతమేనా?" అని అడగలేదు. కూలీలకు, పిచ్చివారికి ఆ రోజుల్లో సమ్మతి అనేది లేదు. ఈనాడు రోగి ఒప్పుకోకుండా పరీక్ష జరపరాదన్న నియమం ఉన్నది. ఆ నియమం వెనుక ఇటువంటివారి ప్రాణాలు ఉన్నాయని మనం మరువరాదు.

దోమ, అడవి, కాలువ

ఇక రెండవ రోగం మలేరియా. మన విశాఖ వైపు పెద్దలు దీనినే మన్యం జ్వరం అనేవారు. మలయా తోటలలో కూలీలను ఎక్కువగా పొట్టన పెట్టుకున్నది ఇదే. అడవి కొట్టి కొత్తగా తెరిచిన తోటలలో మరీ ఘోరం. పొద్దున పెరట్టులో హాజరు పిలిస్తే సగం పేర్లకు జవాబు ఉండని రోజులు అవి.

మలేరియా మర్మం బయటపడింది మన తెలుగుదేశంలోనే అని తెలిస్తే చదువరులు సంతోషిస్తారు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు దగ్గర బేగంపేటలో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపును కోసి చూసి, అందులో ఆ క్రిమిని కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నాలుగేళ్ళు తిరగకుండానే ఆ జ్ఞానం మన మలయాకు వచ్చింది.

1901లో మాల్కం వాట్సన్ అనే యువ వైద్యుడు క్లాంగ్ జిల్లాకు వచ్చాడు. క్లాంగ్ పట్నమంతా జ్వరమే. అదే ఏడాది సెప్టెంబరులో పోర్ట్ స్వెట్టెన్‌హాం రేవును తెరిచారు. ఈనాటి పోర్ట్ క్లాంగ్ అదే. తెరిచిన కొద్ది వారాలకే రేవు కూలీలు, ఉద్యోగులు జ్వరంతో పడిపోయారు. వాట్సన్ సలహాపై పట్నంలోను, రేవులోను బురద గుంటలు పూడ్చి, కాలువలు తవ్వి, చుట్టూ చిత్తడి అడవిని నరికించారు. ఈ రెండు చోట్ల నుండి ఆసుపత్రిలో చేరిన మలేరియా రోగులు 1901లో 610 మంది. 1905లో 23 మంది.

కాలువ తవ్వితే జ్వరం తగ్గిందని అంత తొందరగా ఒప్పుకోవచ్చునా? ఆ ఏళ్ళలో దేశమంతటా జ్వరం తనంతట తానే తగ్గిందేమో! అందుకే వాట్సన్ మరొక లెక్క కూడా చూపించాడు. అదే జిల్లాలో కాలువలు తవ్వని మిగతా ప్రాంతాల నుండి వచ్చే రోగులు తగ్గలేదు, పైగా పెరిగారు. పక్కన పెట్టి పోల్చడానికి అటువంటి లెక్క లేకపోతే ఏ మందునైనా గొప్ప మందు అని చెప్పుకోవచ్చు.

తరువాత ఆయన తోటలకు వెళ్ళాడు. లైను ఇళ్ళలోని పిల్లలను వరుసగా నిలబెట్టి కడుపు తడిమి చూశాడు. మలేరియా పదేపదే వస్తే ప్లీహం పెరుగుతుంది. మనవారు దానినే కడుపులో బల్ల అంటారు. నూరుమంది పిల్లలలో ఎందరికి బల్ల ఉన్నదో లెక్కిస్తే ఆ తోటలో మలేరియా ఎంత ఉన్నదో తెలుస్తుంది. సముద్రతీరపు పల్లపు తోటలలో అడవి అంచున ఉన్న లైన్లలో బల్ల ఉన్న పిల్లలు చాలా మంది. అడవికి అర మైలు, ఆపైన దూరంలో ఉన్న లైన్లలో చాలా తక్కువ. ఆ పిల్లలలో తెలుగు పిల్లలు ఎందరో మనకు తెలియదు. తోట కాగితాలలో మనవారిని చాలా చోట్ల తమిళుల కిందనే కలిపి వ్రాసేవారు.

తీరంలో అడవి నరికి కాలువలు తవ్వితే జ్వరం పోయింది. అదే పనిని కొండ తోటలలో చేస్తే జ్వరం పెరిగింది! దీనికి కారణం దోమల జాతులలో ఉన్న తేడా. తీరంలో మలేరియా తెచ్చే ఉంబ్రోసస్ అనే దోమ నీడ పట్టిన చిత్తడి నీటిలో పుడుతుంది. అడవి పోతే అదీ పోతుంది. కొండలలోని మాక్యులేటస్ అనే దోమకు ఎండ తగిలే తేటనీటి సెలయేరు కావాలి. చెట్లు నరికేస్తే దానికి మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్లు. అక్కడ నేల కింద గొట్టాలు వేసి నీటిని పంపాలి, లేదా వారం వారం కాలువల మీద నూనె చల్లాలి. ఒక చోట మందు అయినది మరొక చోట విషం కావచ్చు అన్నది మలయా ప్రపంచానికి నేర్పిన పాఠం.

ఈ పని వల్ల వాట్సన్‌కు పేరు, సర్ బిరుదు వచ్చాయి. అవి ఆయనకు తగినవే. కాని ఆ కాలువలు తవ్వినది ఎవరు? వీపున నూనె డబ్బా కట్టుకొని వాగుల వెంట నడిచినది ఎవరు? మన కూలీలే. పైగా తోటల యజమానులందరూ ఒక్కసారిగా ఈ పనులకు పూనుకోలేదు. కూలీ చనిపోతే మరొక కూలీని తెప్పించే ఖర్చు ఎక్కువా, కాలువ తవ్వే ఖర్చు ఎక్కువా అని లెక్క వేసుకున్నవారు ఉన్నారు. ఆ లెక్క వేరు, మనం చెప్పుకుంటున్న లెక్క వేరు.

నివారణ ఆగితే ఏమవుతుంది?

1942 నుండి 1945 వరకు జపాను వారి పాలనలో మలయాలో దోమల నివారణ పనులు మూలపడ్డాయి. అణగిపోయిన మలేరియా మళ్ళీ తలెత్తింది. అదే కాలంలో సయాం, బర్మాల మధ్య రైలుమార్గం వేయడానికి మలయా తోటల నుండి డెబ్బై వేల మందికి పైగా కూలీలను తీసుకొనిపోయారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారు కూడా ఉన్నారు. 1943 వానాకాలంలో ఆ శిబిరాలలో కలరా పాకింది. యుద్ధ ఖైదీలైన తెల్ల సైనికులు కూడా కలరాతో చనిపోయారు. అయితే వారి మధ్య వారి డాక్టర్లు ఉన్నారు. మరిగించని నీరు తాగరాదు, పాయిఖానా దూరంగా తవ్వాలి అనే కట్టుబాటు ఉన్నది. మన కూలీలకు డాక్టరూ లేడు, చెప్పే నాథుడూ లేడు. వేల మంది అక్కడే మట్టిలో కలిశారు. కలరా నీటితో వస్తుందని అప్పటికే లోకానికి తెలుసు. తెలిసిన విషయం అవసరమైన మనిషి దాకా చేరకపోవడమే అక్కడ మరణానికి కారణమైంది.

అందరికీ రాని రోగం

మన కళ్ళ ముందు జరిగిన సంగతి మరొకటి ఉన్నది. 1998 చివర పేరాక్ రాష్ట్రంలో ఇపో ప్రాంతంలో మెదడువాపు జ్వరం మొదలైంది. తరువాత నెగెరి సెంబిలాన్‌లో చాలా మందికి సోకింది. మొదట దీనిని దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు అనుకొని టీకాలు వేశారు, పొగ కొట్టారు. రోగం ఆగలేదు.

ఇక్కడ కూడా దారి చూపించింది "ఎవరికి?" అన్న ప్రశ్నే. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లలకు వస్తుంది. ఇది పెద్దలకు, అందులోను పందుల పెంపకందార్లకు వస్తున్నది. దోమకు కులమత భేదం లేదు. మరి పందుల జోలికి పోని పొరుగు మలయా ఇళ్ళకు ఈ రోగం ఎందుకు రాలేదు? 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో డాక్టర్ చువా కావ్ బింగ్ ఒక కొత్త వైరస్‌ను కనిపెట్టారు. సుంగై నిపా అనే ఊరి పేరు మీద దానికి నిపా అని పేరు పెట్టారు. గబ్బిలాల నుండి పందులకు, పందుల నుండి మనుషులకు అది వచ్చింది. పది లక్షలకు పైగా పందులను చంపిన తరువాత రోగం ఆగింది. ఈ దేశంలో 265 మందికి సోకగా 105 మంది మరణించారు. రోగం పేరు తప్పుగా పెట్టుకుంటే మందు కూడా తప్పుతుంది. పేరు సరా కాదా అని తేల్చేది సోకినవారి లెక్క, సోకనివారి లెక్క కూడా.

మన ఇంటి లెక్క

మేము బడిలో పిల్లలకు ఈ సంగతులు చెప్పేటప్పుడు నల్లబల్ల మీద మూడు మాటలు వ్రాసేవాళ్ళం: క్రిమి, మనిషి, చుట్టుపక్కల. ఈ మూడింటిలో ఎక్కడ గొలుసు తెంపినా రోగం ఆగుతుంది. క్రిమిని మందుతో చంపవచ్చు. మనిషికి టీకా వేసి బలం ఇవ్వవచ్చు. చుట్టుపక్కల నీరు, మురుగు, దోమలను సరిచేయవచ్చు. మన పూర్వీకులకు మశూచి టీకా వేశారు, ఓడ దిగిన తరువాత క్వారంటైన్‌లో ఉంచారు. వారు దానిని శిక్షగా తలచి ఉంటారు. 1980లో మశూచి లోకం నుండి నిర్మూలమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మలేషియాలో మనుషుల మధ్య పాకే మలేరియా 2018 నుండి స్థానికంగా ఒక్కరికీ సోకలేదు. కోతుల నుండి వచ్చే నోలేసి అనే మలేరియా మాత్రం అడవి అంచున ఇంకా ఉన్నది. 2000లో పోలియో లేని దేశమని పేరు తెచ్చుకున్న మన దేశంలో 2019లో సబాలో ఒక పసిబిడ్డకు మళ్ళీ పోలియో వచ్చింది. కాబట్టి టీకా వేయించడం మానే కాలం రాలేదు.

తోటలు విడిచి పట్నాలకు వచ్చిన మనకు ఇప్పుడు వేరే రోగాలు. డెంగీ దోమ వాగులో పుట్టదు. మన పూలకుండీ కింది పళ్ళెంలో, పాత టైరులో, నీళ్ళ తొట్టిలో పుడుతుంది. వారానికి ఒకసారి ఆ నీరు పారబోస్తే చాలు. వాట్సన్ కాలంలో ఒక ప్రభుత్వం చేసిన పనిని మన వాకిట్లో మనమే చేసుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద ముప్పు చక్కెర వ్యాధి. 2019లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం అప్పుడు ఈ దేశంలో పెద్దవారిలో నూటికి 18 మందికి చక్కెర వ్యాధి ఉండేది. భారతీయులలో నూటికి 31 మందికి ఉండేది. ఆనాడు బెరిబెరి మనవారిని వదిలి చీనావారిని పట్టింది. ఈనాడు ఈ రోగం అందరికంటే మనలనే ఎక్కువ పట్టింది. బ్రాడన్ అడిగిన ప్రశ్ననే ఇప్పుడు మనం అడగాలి. తేడా ఎక్కడ ఉన్నది? కొంత మన రక్తంలో ఉన్నది. కొంత మన కంచంలోను, కుర్చీలోను ఉన్నది. తాత రోజంతా కొండలెక్కి పాలు గీసి వచ్చి కుండెడు అన్నం తిన్నాడు. మనం కుర్చీలో కూర్చొని అంత తెల్లన్నమూ తింటున్నాము. దానికి తోడు తియ్యటి తే తారిక్. రక్తాన్ని మనం మార్చలేము. కంచాన్ని మార్చవచ్చు. రక్తపరీక్ష చేయించుకోవచ్చు.

ఈ ఉత్సవానికి కుటుంబాలన్నీ కలుస్తాయి. ఆ సమయంలో ఒక చిన్న పని చేయమని పెద్దలను, యువకులను కోరుతున్నాము. ఒక కాగితం తీసుకొని మీ తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, పెద్దనాన్నలు, మేనత్తల పేర్లు వ్రాయండి. ఎవరు ఏ వయసులో, ఏ రోగంతో పోయారో తెలిసినంత వరకు పక్కన వ్రాయండి. చక్కెర, రక్తపోటు, గుండెజబ్బు ఎవరెవరికి ఉన్నాయో వ్రాయండి. తరువాత డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకొని వెళ్ళండి. తోట కాగితాలలో మనవారు వట్టి అంకెలుగా మిగిలిపోయారు. ఈ లెక్కలో వారి పేర్లు ఉంటాయి, దానివల్ల మేలు పొందేది వారి మునిమనుమలు.